గూడుబండిలో పొయ్యి

తెలుగులో యాత్రాచరిత్ర అన్న మాట వచ్చినప్పుడల్లా మనం ఏనుగుల వీరాస్వామి దగ్గర మొదలుపెడతాం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామి 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరారు. గయ, కలకత్తా చూసుకొని తూర్పుతీరం వెంబడి దిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారి పొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసి పంపిన సంగతులు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. దిగవల్లి వేంకట శివరావు 1941లో దాన్ని పరిష్కరించి మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

ఆ పుస్తకం విలువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఏ మజిలీలో మంచినీళ్లు ఉన్నాయి, ఏ ఊళ్లో అంగళ్లు ఉన్నాయి, ఎక్కడ సత్రం ఉంది, ఎక్కడి దారి ఎట్లా ఉంది అన్నవన్నీ అంత ఓపికగా రాసిపెట్టిన మనిషి ఆ కాలంలో మరొకరు లేరు. కానీ అది ఒంటరి మగవాడి యాత్ర కాదు. ఇంటి స్త్రీలు, పరిజనం, బోయీలు, సామాను అంతా కలిసి కదిలిన పెద్ద బృందం అది. అంటే పదిహేను నెలలకు పైగా ఒక ఇల్లు రోడ్డు మీద నడిచింది. ఆ ఇంటిని దారిలో ఇల్లుగా నిలబెట్టినవాళ్లు ఆ పుస్తకంలో ఎక్కడో ఒకచోట తప్ప కనిపించరు. మజిలీలో నీళ్లు ఉన్నాయని పుస్తకం చెబుతుంది. ఆ నీళ్లు ఎవరు తోడారో, తడి బట్టలు ఎక్కడ ఆరేశారో, వానలో పొయ్యి ఎట్లా రాజేశారో చెప్పదు.

సాహిత్య విద్యార్థినిగా నేను ఈ పుస్తకాన్ని ఎన్నోసార్లు చదివాను. ఈ ఖాళీని పూరించడానికి మరో పుస్తకం దొరకదని అర్థమయ్యాక మనుషుల దగ్గరికి వెళ్లాను. ‘మనకు తెలియని మన చరిత్ర’తో స్త్రీశక్తి సంఘటన 1986లోనే మనకు ఆ దారి చూపించింది. అక్కడ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు మాట్లాడారు. పోరాటం అని ఎవరూ పేరు పెట్టని పనుల గురించి కూడా అట్లాగే అడగవచ్చుననుకున్నాను. చిత్తూరు జిల్లా ఐరాల మండలంలోని పల్లెల్లో డెబ్బై ఐదేళ్లు దాటిన స్త్రీలను నేను అడిగినవి మూడే ప్రశ్నలు. మొదటిసారి ఊరు దాటి ఎక్కడికి పోయారు? ఎట్లా పోయారు? దారిలో ఎవరు వండారు?

మొదటి ప్రశ్నకు దాదాపు అందరి జవాబూ ఒకటే. దగ్గరైతే కాణిపాకం, దూరమైతే తిరుపతి. వరసిద్ధి వినాయకుడి కాణిపాకం ఐరాల మండలంలోదే. బాహుదా నది ఒడ్డున ఉన్న ఆ గుడికి వినాయకచవితి నాడు మొదలయ్యే బ్రహ్మోత్సవాలకు చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున్నే పోయి రాత్రికి తిరిగి రావచ్చు. తిరుపతి అట్లా కాదు. పూతలపట్టు, పాకాల, చంద్రగిరి మీదుగా ఎద్దులబండి మీద పోవాలంటే దారిలో కనీసం ఒక రాత్రి ఎక్కడో ఒకచోట దిగాలి. పాకాల మీదుగా మీటరుగేజి రైలు పందొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దంలోనే వచ్చింది. అయినా పదిమందికి టికెట్లు కొనడం కంటే సొంత బండి కట్టుకోవడమే చౌక. అందుకే 1950ల్లో కూడా మొక్కుబడికి బండ్లే కదిలేవి. కొండమీదికి 1944లో ఘాట్‌రోడ్డు వచ్చేదాకా అలిపిరి దగ్గర బండి దిగి మెట్లెక్కడమో, డోలీ మాట్లాడుకోవడమో తప్ప వేరే దారి లేదు. రోడ్డు వచ్చాక కూడా మొక్కు ఉన్నవాళ్లు మూడువేల ఐదువందల పైచిలుకు మెట్లూ నడిచే ఎక్కేవాళ్లు.

రెండో ప్రశ్నకు జవాబు గూడుబండి. వెదురుబద్దలు వంచి తడికె కట్టి, పైన చాప కప్పితే బండికి గూడు అవుతుంది. అడుగున వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద బొంతలు వేస్తారు. ఆ గడ్డే మనుషులకు పరుపు, ఎద్దులకు దారిబత్తెం. అందుకే తిరుగు ప్రయాణంలో పరుపు పలచబడిపోయేదని ఒక అవ్వ నవ్వుతూ చెప్పింది. ఇరుసుకు రాసే కందెన వెనకాల ఒక గొట్టంలో వేలాడుతుంది. రాత్రి పూట బండి కింద లాంతరు కడతారు. ఇదంతా మగవాళ్ల సిద్ధం. ఆడవాళ్ల సిద్ధం వారం ముందే మొదలవుతుంది. బియ్యం చెరగడం, కారం కొట్టడం, బొరుగులు వేయించడం, నిప్పట్లూ మురుకులూ కాల్చడం, మొదటి పూటకు చింతపండు పులుసన్నం కలపడం, ఊరిబిండి నూరడం, చంటిబిడ్డకు పాత చీరలు చింపి గుడ్డలు చేయడం. చిల్లిపడని కుండలు రెండు, ఒక ఇత్తడి చెంబు, ఒక కొడవలి, నాలుగు ఎండు పిడకలు, అగ్గిపెట్టె. పొయ్యికి రాళ్లు మాత్రం దారిలో ఏరుకునేవాళ్లు.

మూడో ప్రశ్నను చాలామంది ప్రశ్నగానే తీసుకోలేదు. ‘ఇంగెవురు వండతారు పాపా?’ అని నా మొహం చూశారు. ఎనభై దాటిన ఒకామె మాత్రం కాసేపు ఆలోచించి ఇట్లా లెక్క చెప్పింది: ‘పొయ్యేటప్పుడు రెండుతూర్లు, వొచ్చేటప్పుడు రెండుతూర్లు, కొండ కింద ఒకతూరి. దావలో అయిదుతూర్లు పొయ్యి ఎలిగించినా. దేవుణ్ణి ఒకతూరి జూసినా.’ ఆమె మాటలో ఫిర్యాదు లేదు. దూరాన్ని ఆమె కొలిచే పద్ధతి అది. వీరాస్వామి దారిని మజిలీలతో కొలిచినట్టే ఆమె పొయ్యిలతో కొలిచింది. ఒకే దారికి రెండు కొలతలున్నాయన్నమాట. వాటిలో ఒకటే అచ్చులోకి వచ్చింది.

మగవాళ్లు ఎద్దులను విప్పి, నీళ్లు తాపి, చెట్టు కింద తలకింద తుండుగుడ్డ పెట్టుకునే సమయానికి స్త్రీల పని మొదలవుతుంది. అందరికీ పెట్టి, కుండలు తోమి, మళ్లీ బండెక్కేసరికి ఎద్దులు కట్టేసి ఉంటాయి. యాత్రలో విశ్రాంతి ఎద్దులకు కూడా ఉంది, ఇంటి కోడలికి లేదు. ఇంట్లో చేసే చాకిరీ అంతా బండెక్కి వచ్చింది. పైగా ఇంట్లో ఉండే గోడ, బావి, గాదె మాత్రం రాలేదు. అయినా ఈ స్త్రీలందరూ ఆ ప్రయాణాన్ని జీవితంలోని మంచి రోజులుగానే గుర్తుపెట్టుకున్నారు. ఇది నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. అణచివేత అని నేను పేరుపెట్టబోయేదాన్ని వాళ్లు సంతోషం అంటున్నారు. పదే పదే విన్నాక వాళ్లు దేన్ని సంతోషం అంటున్నారో తెలిసింది. పొయ్యి అదే, కానీ దాని ముందు కూర్చుంటే కనిపించేది వంటింటి గోడ కాదు. అత్త కూడా అదే మట్టిలో కూర్చుంది. తోడికోడలితో రాత్రంతా మాట్లాడే వీలు దొరికింది. కొంగు జారినా చూసేవాళ్లు ఊరివాళ్లు కాదు. చాకిరీ తగ్గలేదు, కాపలా తగ్గింది. ఈ రెంటినీ వేరుచేసి చూడకపోతే వాళ్ల జ్ఞాపకం మనకు అర్థం కాదు.

అయితే శరీరం దగ్గర ఆ కాపలా ఏమాత్రం తగ్గలేదు. దారిలో ముట్టయితే ఏం చేసేవాళ్లు అని అడిగినప్పుడు గొంతులు తగ్గాయి. గుళ్లోకి పోకూడదు, వంట ముట్టకూడదు. కానీ బండిలో ‘బయట’ అంటూ వేరే చోటు లేదు. కొందరిని బండి చివర కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టారు. ఒకామెను దారిలో చుట్టాల ఇంట్లో దించేసి, దర్శనమయ్యాక వస్తూ ఎక్కించుకున్నారు. మొక్కు ఆమె బిడ్డదే. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు తల్లి అక్కడ లేదు. ఈ సంగతి అరవై ఏళ్ల తర్వాత చెబుతూ కూడా ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు ఆ సమస్యకు మందులషాపులో పరిష్కారం ఉంది. తిరుమల ప్రయాణం ఖాయమైందంటే నెలసరిని వాయిదా వేసే మాత్రలు కొనుక్కోవడం మామూలైపోయింది. చదువుకున్న ఇళ్లలో, ఉద్యోగాలు చేసే మనలాంటివాళ్లలో కూడా. బండి మారింది, రోడ్డు మారింది, దేవుడి ముందు శరీరాన్ని వాయిదా వేసుకోవలసింది మాత్రం ఇంకా మనమే. దాహమైనా నీళ్లు తాగకుండా ప్రయాణించడం మరొకటి. మరుగు దొరకదని పొద్దుటి నుంచి చీకటిపడేదాకా బిగబట్టుకోవడం ఆనాటి గూడుబండిలో ఎంత ఉందో ఈనాటి దూరప్రయాణపు బస్సులోనూ అంతే ఉంది.

ఇక్కడ ఆగి, బండెక్కినవాళ్లు ఎవరో కూడా అడగాలి. గూడుబండి ఉండడమంటే ఎద్దులుండడం, భూమి ఉండడం. నాతో బండి గురించి మాట్లాడిన స్త్రీలందరూ భూమి ఉన్న కులాలవాళ్లే. దళితవాడల్లో అదే ప్రశ్నలు అడిగితే ‘మేము నడిచిపోయినాం’ అన్నారు, లేదా ‘మేము పోలేదు’ అన్నారు. మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ చట్టం వచ్చింది 1947లో. బావులు, సత్రాలు, రోడ్ల వంటి వాటిలో అంటరానితనం పాటించడాన్ని నిషేధిస్తూ 1938లోనే మరొక చట్టం వచ్చింది. చట్టం వచ్చిన మరునాడే సత్రం తలుపు తెరుచుకోలేదని వేరే చెప్పనవసరం లేదు. వీరాస్వామి పుస్తకంలో ‘ఇక్కడ నీళ్లు ఉన్నాయి’ అన్న వాక్యం చదివినప్పుడు అవి ఎవరికి ఉన్నాయి అన్న ప్రశ్న కూడా వెంట రావాలి. బండి వెనకాల నడిచిన స్త్రీకి ఆ మజిలీలో మంచినీళ్లు లేవు.

ఇంకొందరికి బండే ఇల్లు, దారే ఊరు. గాడిదల మీద సామాను వేసుకొని ఉప్పూ బుట్టలూ అమ్ముకుంటూ తిరిగిన ఎరుకల కుటుంబాలు ఈ ప్రాంతపు దారులకు కొత్త కాదు. భార్యాభర్తలు, పిల్లలు, కుక్క, వంటసామాను, రాత్రికి ఊరిబయట గుడిసె. ఒక రైతు కుటుంబం అట్లా దిగితే యాత్ర. ఎరుకల కుటుంబం దిగితే నేరం. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఆ తర్వాత పేరు నమోదు చేయించుకోవడం, హాజరు వేయించుకోవడం, అనుమతి లేనిదే ఊరు దాటకపోవడం ఎన్నో కుటుంబాల దినచర్య అయ్యాయి. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. ఇంటిని వెంటబెట్టుకొని తిరగడం ఎవరికి విహారమో, ఎవరికి శిక్షో కులమే తేల్చింది.

మరి ఇంటిని వదిలేసి వెళ్లిన స్త్రీ? ఈ దారుల్లోనే ఆమె కూడా ఉంది. గుర్రంకొండ దగ్గరి తరిగొండలో పుట్టిన వెంగమాంబ (1730–1817) చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుంది. విధవకు విధించిన శిరోముండనానికి ఒప్పుకోలేదని ఆమె జీవితకథలు చెబుతాయి. ఊరు విడిచి తిరుమల చేరి, అక్కడే ఉండి, ‘వేంకటాచల మాహాత్మ్యము’ వంటి కావ్యాలు రాసింది. కుటుంబంతో కాక, మొక్కుబడికి కాక, తిరిగి రావడానికి కాక కొండెక్కిన స్త్రీ ఆమె. యాత్రికులకు అన్నదానం చేసిందన్న ప్రసిద్ధి కూడా ఆమెకు ఉంది. తిరుమలలో 2011లో ప్రారంభమైన అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. రోజూ వేలాదిమంది అక్కడ భోంచేస్తారు. వారిలో ఎంతమందికి ఆమె కవయిత్రి అని తెలుసు? కవయిత్రి పేరు వంటశాల మీద ఉండడం అవమానమేమీ కాదు. దారిలో ఐదుసార్లు పొయ్యి వెలిగించిన స్త్రీలకు వండకుండా తినే ఒక పూట దొరికింది కూడా అక్కడే. కానీ ఆమె పద్యం కంటే ఆమె పెట్టిన అన్నం మనకు సులువుగా గుర్తుండడం వెనక ఒక అలవాటు ఉంది.

ఆ అలవాటు మన ఒక్కరిదే కాదు. గూడుబండికి ఇప్పటి ప్రపంచంలో దగ్గరి చుట్టం క్యాంపింగ్ ట్రెయిలర్. కారు వెనక తగిలించుకుపోయే చిన్న ఇల్లు. దాని చరిత్రను ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అనే డాక్టరుతో మొదలుపెడతారు. ఆయన 1885లో ‘వాండరర్’ అనే గుర్రపుబండి ఇల్లు చేయించుకొని దేశం తిరిగాడు. బండివాడూ పనివాడూ వెంట ఉన్నారు గనక ఆయనకు ప్రకృతిని చూసే తీరిక దొరికింది. అమెరికాలో ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ చెప్పుకునే మూలకథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. దాని స్థాపకుడు వాలీ బయమ్ భార్య మేరియన్, గుడారంలో ఉండడం తనవల్ల కాదని, తన వంటగది లేకుండా రానని అన్నదట. అందుకని ఆయన వంటసామానుతో సహా ఒక ట్రెయిలర్ కట్టాడట. ఈ కథను భార్య గారాబంగా చెబుతారు. మా ఐరాల అవ్వల మాటలు విన్నాక నాకు అది మరోరకంగా వినిపించింది. వండవలసింది తానేనని తెలిసిన మనిషి, కనీసం సరైన పొయ్యి అడిగింది. ఆమె సెలవు అడగలేదు. సెలవు అడగవచ్చునని ఆమెకు తట్టి ఉండదు. 1954లో వచ్చిన ‘ద లాంగ్ లాంగ్ ట్రెయిలర్’ సినిమాలో లూసిల్ బాల్ కదులుతున్న ట్రెయిలర్‌లో వంట చేయబోతే గిన్నెలూ పదార్థాలూ ఆమె మీదే పడతాయి. హాలంతా నవ్వే దృశ్యం అది. భర్త ముందు కారు నడుపుతుంటాడు.

మోటారు ప్రయాణపు చరిత్ర మొదలైంది మాత్రం ఒక స్త్రీతోనే. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకు ముందుగా చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడుచక్రాల బండిలో ఇద్దరు కొడుకులనూ ఎక్కించుకొని మాన్‌హైమ్ నుంచి వంద కిలోమీటర్ల పైన ఉన్న ఫోర్జ్‌హైమ్‌కు పోయింది. ఇంధనగొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే సూదితో పొడిచి శుభ్రం చేసింది. ఇంధనం మందులషాపులో కొంది. అరిగిన బ్రేకులకు చెప్పులు కుట్టే అతనితో తోలు వేయించింది. ఆమె వెళ్లింది పుట్టింటికి. మోటారుబండిని నమ్మకంగా దూరం నడపవచ్చునని లోకానికి చూపిన ఆ ప్రయాణం పుట్టింటి నెపంతో జరిగిందంటే మన స్త్రీలలో ఎవరికీ ఆశ్చర్యం కలగదు. అనుమతి అడగకుండా స్త్రీ బయల్దేరగలిగిన ఒకే ఒక్క దారి అది.

ఐరాలలో గూడుబండి తర్వాత వచ్చింది ట్రాక్టరు. ట్రెయిలర్ అన్న మాట ఇక్కడ అమెరికా మాట కాదు, ప్రతి పల్లెకూ తెలిసిన మాట. పొద్దున బెల్లం, మామిడికాయలు మోసిన ట్రెయిలర్‌లోనే సాయంత్రం గడ్డి పరిచి, పైన పట్ట కట్టి, ఇరవైమంది పెళ్లికో జాతరకో పోతారు. గ్యాసుబండ, డేగిశాలు, బియ్యం మూట కూడా ఎక్కుతాయి. తోటలో దిగి వండుకు తింటారు. సరుకు మోసే ట్రెయిలర్‌లో మనుషులను ఎక్కించకూడదని నిబంధన ఉంది. అది తిరగబడినప్పుడల్లా కూలికి పోయే ఆడవాళ్లు చనిపోయిన వార్త మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. మగవాడు బైకు మీద ముందు పోతాడు, స్త్రీలు సామానుతోపాటు వెనక ఎక్కుతారు. ఈ అమరికను పేదరికం అని మాత్రమే అంటే సగమే చెప్పినట్టు.

ఈ మధ్య మన ప్రభుత్వాలకు కూడా నడిచే ఇళ్ల మీద ఆసక్తి పుట్టింది. కేరళ 2021లో కేరవాన్ టూరిజం విధానం ప్రకటించింది. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కూతురు పిల్లల సెలవుల్లో ట్రెయిలర్ అద్దెకు తీసుకొని కుటుంబంతో ఒక జాతీయవనానికి పోయి వచ్చాక ఫోనులో చాలాసేపు మాట్లాడింది. మంచినీళ్ల ట్యాంకు వేరు, వంటింటి వాడుకనీళ్ల ట్యాంకు వేరు, మరుగుదొడ్డి ట్యాంకు వేరు. ట్రెయిలర్ తగిలించడం, వెనక్కి తిప్పి నిలపడం, మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేయడం బావ పనులు. వాటికి వీడియోలు చూసి నేర్చుకున్నాడట, ఫొటోలు కూడా ఉన్నాయి. పులిహోర పొడి, దోసెల పిండి, రైస్ కుక్కరు, పిల్లల మందులు అక్క పనులు. వాటికి ఫొటోలు లేవు. ‘మంట చుట్టూ అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే నేను లోపల అన్నం కలుపుతున్నానే’ అంది. కాసేపాగి, ‘కానీ కిటికీలో కొండ కనిపిస్తా ఉండింది’ అని కూడా అంది. ఆ రెండో వాక్యం నేను ఐరాలలో చాలాసార్లు విన్నాను.

భండారు అచ్చమాంబ స్త్రీసమాజాలు స్థాపించడానికి ఊరూరా తిరిగిన సంగతి మనం గౌరవంగా రాసుకున్నాం, రాసుకోవాలి కూడా. కానీ పని మీదో, ఆశయం కోసమో తిరిగిన కొద్దిమంది స్త్రీలనే మనం యాత్రికులుగా లెక్కించినంతకాలం, కుటుంబంతో కదిలిన లక్షలాది స్త్రీలు సామాను జాబితాలోనే ఉండిపోతారు. వాళ్లు డైరీలు రాయలేదు. వాళ్లు రాసుకున్న పాఠం వారం ముందు నుంచి సర్దుకున్న మూటలో ఉంది, ఏ చెట్టు కింద పుల్లలు ఎండుగా దొరుకుతాయో చెప్పే జ్ఞాపకంలో ఉంది, పాకాల దగ్గర ఏ బావి నీళ్లు పప్పు ఉడకనివ్వవో తెలిసిన అనుభవంలో ఉంది. దీన్ని దారి గురించిన జ్ఞానంగా గుర్తించడానికి మనకు ఉన్న అడ్డంకి పద్ధతిది కాదు. వంట గురించి అడగడం సాహిత్య పరిశోధన అవుతుందా అన్న సందేహమే అడ్డంకి. ఆ సందేహం నాకు విశ్వవిద్యాలయం నేర్పింది.

గూడుబండిలో తిరుపతికి పోయిన తరం చివరిమెట్టు మీద ఉంది. నేను మాట్లాడిన పదకొండుమందిలో ముగ్గురు ఇప్పటికే లేరు. విశ్వవిద్యాలయాల్లో, కళాశాలల్లో పనిచేస్తున్న మనలో ప్రతి ఒక్కరికీ ఇట్లాంటి ఊరు ఒకటి ఉంటుంది. ఈసారి సెలవులకు పోయినప్పుడు, దేవుడు బాగా కనిపించాడా అని కాకుండా, దారిలో ఎన్నిసార్లు పొయ్యి వెలిగించారో అడిగి రాసుకుందాం. ఆ పక్కనే, ఆ బావి దగ్గర ఎవరిని నీళ్లు తోడనివ్వలేదో కూడా రాసుకుందాం.